ఏనుగుకి వినపడని గొంతు

కెన్యాలోని అంబోసెలిలో మూడు రోజులు ఏనుగుల్ని చూశాను. గుంపుకి పెద్దదిక్కు ఒక ముసలి ఆడ ఏనుగు. అది కదిలితే అన్నీ కదులుతాయి, ఆగితే ఆగుతాయి. 1972లో సింథియా మాస్ మొదలుపెట్టిన పరిశోధన ఈ కుటుంబాల్ని తరాల తరబడి గమనించింది.

అక్కడి ఏనుగుల మీద 2014లో వచ్చిన అధ్యయనం ఒకటి నేను ముందే చదివాను. మాసాయి మగవాళ్ల గొంతు రికార్డు వినిపిస్తే ఏనుగులు ఒకచోట చేరి వెనక్కి తగ్గాయట. ఆడవాళ్ల గొంతుకి అంతగా బెదరలేదట. ఈటె విసిరేది మగవాళ్లే కదా! 'స్త్రీ సహజంగా సాధుస్వభావి' అన్న మాటని నా సిద్ధాంత వ్యాసంలో అంతగా ప్రశ్నించినదాన్ని, ఇది చదివి లోలోపల పొంగిపోయాను.

మూడోరోజు పార్కు గేటు దగ్గర పూసల దండలమ్మే మాసాయి స్త్రీతో బేరమాడాను. లోపలి చిత్తడి నేలల్లో ఒకప్పుడు వాళ్ల పశువులు నీళ్లు తాగేవి. 1974లో జాతీయ పార్కు అయ్యాక ఆ నీళ్లు వాళ్లకి కాకుండా పోయాయి. నేను మాత్రం టికెట్టు కొనుక్కుని వెళ్లాను. జీపులో మా గుసగుసలకి ఏ ఏనుగూ బెదరలేదు.

చేతిలో ఈటె లేనంత మాత్రాన హింసలో నా వాటా లేదనుకోవచ్చా? వేరేవాళ్లని ఖాళీ చేయించిన నేల మీద ఎంత మెల్లగానైనా మాట్లాడొచ్చు. ఆ మెత్తదనం నా సుగుణమని చెప్పుకోడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు.

నా గొంతులో ఏముందో ఏనుగుకి తెలీదు. బేరమాడుతున్నంతసేపూ ఆమె నా మొహంకేసే చూసింది.