గాయపడిన మెదడు, దాగిన ఉపాధి

తలపై విద్యుత్తును ప్రసరింపజేసినప్పుడు మాటలోనో కదలికలోనో మార్పు కనిపిస్తుంది గనుక చైతన్యం దేహధర్మమేనని వాదించేవారు, భూతాల, అంటే మూలద్రవ్యాల, కలయికలోనే చైతన్యం పుడుతుందన్న చార్వాక పక్షాన్ని కొత్త సాధనాలతో నిలబెడుతున్నారు. జ్ఞానం ఆత్మకు గుణమనీ, మనస్సూ ఇంద్రియాలూ దానికి కరణాలు, అనగా పనిముట్లు మాత్రమేననీ చెప్పిన నైయాయికులది, అంటే న్యాయ దర్శనం వారిది, ఎదుటి పక్షం. ఈ వివాదంలో తీర్పుకు ముందు, ఆ విద్యుత్తు నిజంగా ఎక్కడికి చేరుతున్నదో విచారించవలసి ఉంది.

పుర్రె తెరవకుండా, తలపై ఎలక్ట్రోడ్లను ఉంచి సాధారణంగా 1 నుంచి 2 మిల్లీఆంపియర్ల ప్రవాహాన్ని పంపే పద్ధతిలో చాలా భాగం నెత్తిచర్మం గుండానే పోతుంది. లోపలికి చేరినది కణజాలాల వాహకతను, అంటే విద్యుత్తును పోనిచ్చే గుణాన్ని బట్టి విస్తరిస్తుంది. పక్షవాతం వచ్చిన కొన్ని నెలలకు, నశించిన కణజాలం కరిగిపోయిన చోటును మస్తిష్క మేరుద్రవం నింపుతుంది, ఈ ద్రవమేమో మెదడు పైపొర కన్నా అనేక రెట్లు మంచి వాహకం. అందువల్ల ప్రవాహం ఆ గుంట వైపు మళ్లుతుంది. అయినా విద్యుత్ క్షేత్రం, అంటే ఆవేశంపై పనిచేసే బలపు కొలత, ద్రవం లోపల బలహీనపడి, ప్రవాహదిశలో గుంటకు ముందూ వెనుకా ఉన్న అంచుల్లో తీవ్రమవుతుంది, ఇరుపక్కల తగ్గుతుంది. గాయం పరిమాణం, లోతు, ఎలక్ట్రోడ్ల దిశ మారితే ఈ అమరిక అంతా మారుతుంది. ఎం.ఆర్.ఐ. చిత్రాల ఆధారంగా ఒక్కొక్క తలకు విడిగా కంప్యూటర్ నమూనా నిర్మించేది ఇందుకే.

ఈ అమరిక పై వివాదాన్ని ఎలా తాకుతుందో న్యాయశాస్త్రపు పాత ఉదాహరణతో చూడవచ్చు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న వ్యాప్తి, అంటే తప్పని సాహచర్యం, నిలుస్తుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్నది నిలవదు, ఎందుకంటే అందులో పచ్చికట్టె అనే షరతు దాగి ఉంది, దానినే నైయాయికులు ఉపాధి అన్నారు. ఎలక్ట్రోడ్ కింది భాగమే ప్రేరేపితమైంది, కాబట్టి కలిగిన మార్పు ఆ భాగపు పనే అన్న అనుమానంలోనూ, అంటే హేతువును బట్టి చేసే నిర్ణయంలోనూ, అటువంటి ఉపాధి ఉంది: క్షేత్రం ఎలక్ట్రోడ్ కిందే కేంద్రీకృతం కావాలన్న షరతు. గాయం లేని తలలో సైతం క్షేత్రం తరచు ఎలక్ట్రోడ్ల నడిమి ప్రాంతంలో అత్యధికమవుతుంది; గాయం ఆ అనుమానాన్ని ఇంకా బలహీనపరుస్తుంది.

ఇది ఆత్మవాదికీ విజయం కాదు. కరణం దెబ్బతిన్నప్పుడు పని మారడం కర్త లేడనడానికి చాలదు, ఉన్నాడనడానికీ చాలదు. అయితే ఈ విద్యుత్ పద్ధతిని చికిత్సగా ఆశ్రయించిన, మాట పోయిన రోగి ఈ వాదం తేలేదాకా ఆగలేడు, ఇక్కడే ప్రశ్న ధర్మానికి సంబంధించినదవుతుంది. ఇద్దరికి ఒకే 2 మిల్లీఆంపియర్లు ఇచ్చినంత మాత్రాన ఇద్దరినీ సమంగా చూసినట్టు కాదు. బతికి ఉన్న కణజాలానికి ఎంత క్షేత్రం చేరిందో లెక్కించకుండా, ఒకరిని చికిత్సకు స్పందించని రోగిగా నిర్ధారించడం ఆ మనిషి పట్ల అన్యాయం.