సగటు లెక్కలో తల్లి

2020లో బ్రిటన్‌లో, కోవిడ్ వల్ల రాబడి పోయిన స్వయం ఉపాధి వాళ్ళకి ప్రభుత్వం సాయం ప్రకటించింది: గడిచిన మూడేళ్ళ లాభాల సగటులో 80 శాతం. వినడానికెంత న్యాయం! కానీ ఆ మూడేళ్ళలో బిడ్డని కని పనికి దూరమైన స్త్రీకి ఆ నెలల్ని లెక్కలోంచి మినహాయించలేదు. సగటు పడిపోయింది, సాయమూ తగ్గింది. ప్రసూతినీ అనారోగ్యాన్నీ ఆదాయంలోని ఒడిదుడుకుల ఖాతాలోనే వేశాడు ఆనాటి ఆర్థికమంత్రి రిషి సునాక్. అందర్నీ ఒకే కొలతతో కొలవడమే సమానత్వమైతే, ఆ కొలత ఎవరి జీవితాన్ని చూసి చేసినది?

2021లో అప్పీలు కోర్టు ఇది పరోక్ష వివక్షేనంది. అయినా అత్యవసరంలో త్వరగా డబ్బు చేర్చాలి గనక సమర్థనీయమేనంది. నాకు మింగుడుపడనిది ఈ 'అయినా'. ప్రసూతి భత్యం చెల్లించిందీ ప్రభుత్వమే కదా. ఆ నెలలు దానికి తెలియనివేం కాదు, పన్నుశాఖ కాగితాల్లో లేవు, అంతే.