పేడపురుగు – కొమ్ముపురుగు

ఒకనిని మిక్కిలి హీనపరచి తిట్టవలెనన్న మనవారు పేడపురుగను మాట వాడుదురు. కొమ్ముపురుగని తిట్టగా మేము వినలేదు. ఈ రెండింటి నడతను పోల్చి చూచినచో మన తిట్లలోని న్యాయమెంతపాటిదో తెలియును.

వేసవిలో కొల్లేటి నీరు తీసిన మేరనెల్ల గేదెలు మేయును. అవి విడిచిన పేడపై పేడపురుగులు వాలును. ఈ జాతిలో కొన్ని పేడను ఉండచేసి వెనుకకాళ్లతో దొర్లించుకొనిపోవును. కొన్ని పేడక్రిందనే బొరియ త్రవ్వి దానిని లోనికి దింపును. అందే గ్రుడ్డు పెట్టును. పిల్లకు అదియే యిల్లు, అదియే అన్నము. ఇందువలన నేలకు గాలియు నెరువును చేరును. ఈగల పెంపు తగ్గును. ఇట్టి పురుగు లేనిచోట నేమగునో ఆస్ట్రేలియావారికి అనుభవమైనది. అచ్చటి పురుగులు కంగారువంటి జంతువుల పెంటికలకు అలవాటుపడినవి. క్రొత్తగా వచ్చిన ఆవుల పేడను అంతగా ముట్టలేదు. పచ్చికబయళ్లపై పేడ యెండిపోయి ఈగలు ముసరగా, 1965 మొదలు ఇరువదియేండ్లపాటు పరదేశపు పేడపురుగులను తెప్పించి విడువవలసివచ్చినది. ఆఫ్రికాలోని యొక జాతి చీకటిరాత్రి పాలపుంత వెలుగును పట్టి, దారి తప్పక ఉండను దొర్లించుకొనిపోవునని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తిట్టునకు వాడుకొన్న ప్రాణికి ఇంత చూపా!

ఇక తాడేపల్లిగూడెము వైపు కొబ్బరితోటలకు పోదము. కొమ్ముపురుగు నల్లగా నిగనిగలాడుచు, తలపై కొమ్ముతో రాచఠీవి కలిగియుండును. రాత్రి యెగిరివచ్చి మొవ్వును తొలిచి లేతభాగమును నమిలి రసము పీల్చును. ఆకు విచ్చినపుడు కత్తెరతో కోసినట్లు కనబడును. రైతు ఇనుపకొక్కెముతో దానిని లాగి చంపును. న్యాయమే. కాని అది పెరిగినదెచ్చట? చివికిన మొద్దులలో, మనము తోటప్రక్కనే నెలలకొలది కదల్పక యుంచిన పెంటకుప్పలో. అందలి పిల్లపురుగు కుళ్లినదానిని తిని మట్టిచేయునేకాని పచ్చనిచెట్టు జోలికి పోదు. దాని బాల్యము పేడపురుగు వృత్తియే. రెండును ఒక్క కుటుంబమువేనని ప్రాణిశాస్త్రము చెప్పుచున్నది.

పురుగులకు పాపపుణ్యములేమిటని యెవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే; మేము విచారించునది పురుగులను గాదు, పేరు పెట్టిన మనలను. యోగశాస్త్రము నియమములలో మొదట శౌచమునే చెప్పినది. మనమో, మురికిని విడిచినవాడు శుచి, ఎత్తినవాడు అశుచి యను లెక్కను తరతరములుగా వీధులలో నడిపితిమి. మనుష్యులచే పాకీపని చేయించుట నిషేధించుచు 1993లో ఒక చట్టము వచ్చినది. 2013లో మరియొకటి వచ్చినది. రెండవది యేల కావలసివచ్చెనో చదువరులే యోచింతురు గాక.

పెంటకుప్పను మాత్రము తరచుగా తిరుగవేయుట మంచిది. పిల్లపురుగులు పైకి వచ్చును. కోళ్లును కాకులును తక్కిన పని చూచుకొనును.