ముద్దుపేరు రిజిస్టరుకెక్కితే

పొన్నూరు, నిడుబ్రోలు చుట్టుపక్కల పి.బి.ఎన్. కళాశాల తెలియనివాళ్లు తక్కువ. ఆ మధ్య ‘బి’లో ఉన్నది బుచ్చి అనే మాట. ఒళ్లోని పసిబిడ్డను చూసుకుని, మా చిన్నది, మా బుల్లిది అని మురిసేటప్పుడు వచ్చే మాట. అది ఒక పెద్దమనిషి పేరైంది. ఆ పేరు మీద కాలేజీ వెలిసింది, వేలమంది డిగ్రీ సర్టిఫికెట్లకు ఎక్కింది. పసితనపు పిలుపు పెద్దయ్యాక నప్పుతుందా అనే సందేహానికి మా ఊళ్లో జవాబు ఇలా బోర్డు మీదే ఉంది.

అయినా సందేహం తీరలేదు. ఈ మధ్య పొన్నూరులో బంధువులింట బారసాలకు వెళ్లాను. పళ్లెంలో బియ్యం పరిచారు. నక్షత్రానికి వచ్చే అక్షరం పురోహితుడు చెప్పాడు. తండ్రి ఉంగరం పట్టుకుని రాయబోతుంటే తల్లి, “చిన్ని అనే రాయండి. పుట్టినప్పటి నుంచి అందరం అదే పిలుస్తున్నాం, ఇంకో పేరెందుకు?” అంది. నాయనమ్మ ఒప్పుకోలేదు. “అదేం పేరమ్మా, రేపు ఉద్యోగానికి పోతే చిన్నిగారూ అంటారా?” అంది. “అంటే ఏమైంది అత్తయ్యా?” అంది కోడలు. బియ్యంలో ఉంగరం కాసేపు కదల్లేదు. చివరికి ఇద్దరి మాటా చెల్లేలా రెండు పేర్లూ రాశారు. భోజనాలయ్యాయి, అందరూ మర్చిపోయారు. ఆ కోడలి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నిజానికి ముద్దుపేరు పక్కన “గారూ” అనడం మనకు కొత్త కాదు. 2019 జూన్‌లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో ముగ్గురు నానిలు ఉన్నారు: ఆళ్ల నాని, కొడాలి నాని, పేర్ని నాని. రికార్డుల్లో వాళ్లు కాళీకృష్ణ శ్రీనివాస్, శ్రీ వెంకటేశ్వరరావు, వెంకటరామయ్య. 2024లో విజయవాడ లోక్‌సభ స్థానంలో తలపడిన అన్నదమ్ములు కేశినేని శ్రీనివాస్, శివనాథ్. జనం నోట మాత్రం వాళ్లు నాని, చిన్ని. ఓట్లు అడిగింది ఆ పేర్లతోనే. వీణ చిట్టిబాబుది ఇంకా పెద్ద ఉదాహరణ. 1936లో కాకినాడలో పుట్టిన చల్లపల్లివారి పిల్లవాడికి తల్లిదండ్రులు హనుమాన్లు అని పేరు పెట్టారు. ఇంట్లో పిలిచిన చిట్టిబాబు అనే ముద్దుపేరే నిలిచి, తర్వాత అదే అసలు పేరైంది. ఆయన వీణ విన్నవాళ్లెవరికైనా ఆ పేరులో చిన్నతనం వినిపించిందా?

ఇంకా వెనక్కి వెళ్తే మన పెద్దవాళ్లకు ఈ చిక్కే లేదు. బాలవ్యాకరణం రాసి తెలుగుకు సూత్రాలు కట్టిన పండితుడు పరవస్తు చిన్నయసూరి. కరుణశ్రీగా మనకు తెలిసిన కవి, మా గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టిన జంధ్యాల పాపయ్య శాస్త్రి. చిన్న, పాప, బుచ్చి, చిట్టి, బుల్లి ఏదైనా సరే, వెనక ఒక అయ్యనో అమ్మనో చేర్చి పేరు చేశారు. చిట్టెమ్మ, బుల్లెమ్మ, బుచ్చయ్య. ఆ కూర్పులో ఎంతో ఆలోచన ఉంది. ముందు సగంలో తల్లి ముద్దు, వెనక సగంలో ఊరు ఇవ్వాల్సిన మర్యాద. పిల్లవాడు పెరిగేకొద్దీ ఆ రెండో సగంలోకి ఎదుగుతాడు. భయంతో పెట్టిన పేర్లకు కూడా ఆ మర్యాద తప్పలేదు. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించి పుల్లయ్య అన్నారు, పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. మృత్యువు కూడా వద్దనుకోవాలని ఆ పేరు. బతికాక అందరూ గౌరవించాలని ఆ అయ్య.

ఇల్లు ఒక పేరుతో, లోకం ఇంకో పేరుతో పిలిచే పద్ధతిని గట్టిగా పాటించేవాళ్లు బెంగాలీలు. ఇంట్లో పిలిచే పేరు డాక్‌నామ్, బయటి పేరు భాలోనామ్. ఆ గోడ కూడా కూలుతుంటుంది. రచయిత్రి ఝుంపా లాహిరి అసలు పేరు నీలాంజన సుదేష్ణ. అమెరికాలో బడి టీచరుకు నోరు తిరగక ముద్దుపేరుతో పిలిస్తే, అదే ఆమె పుస్తకాల మీద పేరయింది. ఇంగ్లండులో ఒకప్పుడు ఆర్చిబాల్డ్‌ను కుదించి పిలిచిన ఆర్చీని 2019లో రాజకుటుంబమే బిడ్డకు పూర్తి పేరుగా పెట్టింది.

ఇంతవరకు చూస్తే కోడలిదే న్యాయం అనిపిస్తుంది. కానీ ఈ నేల మీద పొట్టి పేరుకు ఇంకో చరిత్ర ఉంది. దాన్ని దాటేసి ఈ మాట ముగించలేం.

వెంకయ్యను తల్లి ఎంకడా అంటే అది ప్రేమ. అదే వెంకయ్యను, తల నెరిసినవాణ్ణి, కామందు కొడుకు ఎంకడా అంటే? మాట ఒక్కటే, అక్షరం మారలేదు. వరి కోతలకు, మినుము తీతకు, పత్తి తీతకు, మిరప కోతలకు తరతరాలుగా వంగిన మనుషుల పేర్ల నుంచి ఆ అయ్యను, అమ్మను ఊరు ఊడబెరికింది. పుల్లయ్య పుల్లిగాడు అయ్యాడు, సుబ్బమ్మ సుబ్బి అయింది. డెబ్బై ఏళ్ల ముసలివాణ్ణి పదేళ్ల పిల్లవాడు ఒరేయ్ అన్నాడు. 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన ఘోరం తర్వాత దళిత మహాసభ ఉద్యమంలో ముందు నిలిచిన కత్తి పద్మారావు మా పొన్నూరు వాసే. ఆ ఉద్యమం గట్టిగా పలికిన మాట ఆత్మగౌరవం. మనిషిని పూర్తి పేరుతో పిలవడం ఆ గౌరవంలో మొదటి మెట్టు అని నా నమ్మకం. బడిలో పిల్లవాడికి నాలుగు మూరల పేరు రాయించిన కూలి తండ్రి ఆడంబరానికి రాయించలేదు. ఎవరూ సులువుగా తుంచలేనంత పేరు బిడ్డకు ఇవ్వాలనుకున్నాడు.

అందుకే నాకు తోచేది ఇది. ముద్దుపేరును పూర్తి పేరుగా రాయడమంటే, మేం పిలిచినంత ప్రేమగా మా బిడ్డను మీరూ పిలవండి అని లోకాన్ని నమ్మి అడగడం. లోకం తమను తక్కువ చేస్తుందన్న భయం ఎన్నడూ లేని ఇంట్లో ఆ నమ్మకం తేలిగ్గా పుడుతుంది. భయం ఎరిగిన ఇంట్లో నాయనమ్మ అడ్డుపడుతుంది. ఆవిడ అడ్డుపడింది పేరుకని నేననుకోను. లోకం నోటిని ఆవిడ ఎరుగును.

చట్టం తొందరపెట్టడం లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి కానీ, పేరు అప్పుడే ఇవ్వనక్కర్లేదు. 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, ఆ గడిలో రాసే మాట గురించి తల్లిదండ్రులు నిదానంగా ఆలోచించుకోవడం మంచిది. చిన్ని అని రాసుకోవాలనుకుంటే రాసుకోండి. రాసేముందు ఆ పేరును ప్రేమ లేని గొంతులో ఒకసారి పిలిచి చూడండి: బ్యాంకు కౌంటరులో, పోలీస్ స్టేషనులో, హాజరు పట్టీ చదివే మాస్టారి గొంతులో. అప్పటికీ మీ మనసు నిలబడితే ఆ పేరు నిలబడుతుంది.

ఇక మిగిలింది మన పని, పిలిచేవాళ్ల పని. చేనుకు వచ్చిన మనిషిని, ఇంట్లో అంట్లు తోమే అమ్మను, ఆటో తోలే కుర్రవాణ్ణి మనం ఏ పేరుతో, ఏ గొంతుతో పిలుస్తున్నామన్నది పిల్లలు రోజూ వింటున్నారు. సుబ్బమ్మను సుబ్బమ్మగారూ అనడం అలవాటైన వీధిలో ఏ తల్లైనా తన బిడ్డకు ఏ చిన్న పేరైనా ధైర్యంగా పెట్టుకోవచ్చు. ఆ ధైర్యం ఇవ్వాల్సింది మనమే.