మనది కాని కారు

కాపురానికొచ్చిన నాలుగో రోజున అత్తవారింట్లో నేను చేసిన మొదటి పని ఏమిటో చెబితే మీరు నమ్మరు. ముగ్గు వెయ్యలేదు, పాలు పొంగించలేదు. కారు తోశాను.

1971 నాటి సంగతి. పిఠాపురంలో పాదగయ గుడికి కాస్త ఇవతల మా అత్తవారిల్లు. సామర్లకోటలో ఒక రైసుమిల్లు ఆసామీ వాడి వాడి వదిలించుకున్న అంబాసిడర్ కారుని మా మావగారు ముచ్చటపడి కొన్నారు. పొద్దున్నే సెల్ఫు కొడితే అది రెండుసార్లు దగ్గి ఊరుకునేది. అప్పుడు డ్రైవరు ముందువైపు ఇనప హ్యాండిలు దోపి తిప్పేవాడు. దానికీ లొంగకపోతే మావగారు వీధిలోకి చూసి, "తలో చెయ్యీ వెయ్యండర్రా" అనేవారు. ఆ రోజు వీధిలో మగపురుగన్నది లేదు. కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేనూ, మా తోడికోడలూ, పాలు పోసే మనిషీ కలిసి తోస్తే పాతిక గజాలు వెళ్ళి, మా మొహాన ఇంత నల్లటి పొగ చిమ్మి కదిలింది మహాతల్లి. అరుగు మీంచి మా అత్తగారు, "కారున్న సంబంధమని మీ నాన్నగారు తెగ మురిసిపోయారటగా అమ్మాయ్!" అని ఒకటే నవ్వు.

ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారుండేది. దాని నమూనా తెచ్చుకుని బెంగాల్లో ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టిన అంబాసిడరుని, పైపై మెరుగులు తప్ప పెద్దగా మార్చకుండా 2014 దాకా తయారుచేస్తూనే వచ్చారు. మా రోజుల్లో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళతరబడి ఎదురుచూడాలి. ఏ ఫ్యాక్టరీ ఎన్ని కార్లు చెయ్యాలో ప్రభుత్వమే లైసెన్సులిచ్చి నిర్ణయించేది. అందుకని దగ్గే కారైనా సరే, ఉన్నవాళ్ళు ఊళ్ళో గొప్పవాళ్ళే.

ఆ గొప్ప ఎంతటిదో అన్నవరం ప్రయాణంలో తెలిసేది. ముందు సీటు బల్లలా ఒకటే పొడుగ్గా ఉండేది, గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి మధ్యలో కూడా మనిషిని ఇరికించొచ్చు. ఒకసారి పిల్లాపాపలతో పదకొండుమందిమి ఎక్కాం. కత్తిపూడి దాటేసరికి బానెట్టులోంచి ఆవిరి. పులిహోర గిన్నె ఖాళీ చేసి అందులో చెరువు నీళ్ళు తెచ్చి పోశాం. తీరా రత్నగిరి కొండ కింద డ్రైవరు, "ఇంతమందితో ఎక్కదండి, మీరు మెట్ల మీంచి వచ్చెయ్యండి" అన్నాడు. కారు ఒక్కటీ దర్జాగా పైకి వెళ్ళి సత్యనారాయణస్వామి దర్శనానికి మాకంటే ముందే చేరింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ధర అమాంతం పెంచాక మా షికార్లు తగ్గాయి గానీ, ఈ మాట చెప్పి ఇప్పటికీ నవ్వుకుంటాం.

అయితే ఆ కారు ఏ ఒక్కరోజూ మా ఒక్కరిదే కాదు. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కుట్టినా అర్ధరాత్రి మా తలుపే కొట్టేవాళ్ళు. కాకినాడ పెద్దాసుపత్రి దాదాపు 20 కిలోమీటర్లు. మావగారు ఎప్పుడైనా పెట్రోలు సంగతెత్తితే అత్తగారు, "వీధంతా తోస్తేనే కదండీ అది కదిలేది, వీధి ఎక్కద్దూ మరి?" అనేవారు. ఆవిడ చదువు నాలుగో క్లాసు. ఆస్తిపరులు తమ ఆస్తికి ధర్మకర్తలుగా ఉండాలని గాంధీగారు చెప్పారని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆవిడకి ఆ మాట తెలీదు.

మావగారితోపాటే ఆ కారూ వెళ్ళిపోయింది. ఆయన పోయిన మరుసటేడు ఇనప సామాన్లవాడు తీసుకుపోయాడు.

1983లో మావారికి కాకినాడలో ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం వచ్చింది. కంపెనీవారే తెల్లటి ఫియట్ ఇచ్చారు, డ్రైవరుతో సహా. దానికి అప్పటికే ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చారు. చిత్తోడు రాణి పద్మిని పేరట. మేం మాత్రం ఫియట్ అనే అనేవాళ్ళం. సెల్ఫు కొట్టగానే పలికేది. ఇక నా కష్టాలు తీరాయనుకున్నాను.

కారుతోపాటు ఒక లాగ్‌బుక్కు కూడా వచ్చిందని నాకు తరవాత తెలిసింది. తేదీ, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, చివరి గడిలో ఆఫీసా, సొంతమా. సొంతమైతే కిలోమీటరుకింత చొప్పున జీతంలో విరగ్గోసుకుంటారు. మావారు ఆ చివరి గడిని నిప్పులా చూసేవారు. మా అత్తగారికి జబ్బు చేసినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి "సొంతం, 4 కి.మీ." అని రాశారు. అంతే. పిల్లలు ఉప్పాడ సముద్రానికి తీసుకెళ్ళమంటే, "ఆదివారం కంపెనీకి సెలవు, కారుకీ సెలవే" అనేవారు. వానలో పిల్లలు గొడుగేసుకుని బడికి నడుస్తుంటే పక్కనుంచి ఆయన కారు నీళ్ళు చిందకుండా మెల్లిగా వెళ్ళేది. అదీ ఆయన జాలి!

నేను కూరల బజారుకి రిక్షాలో వెళ్ళేదాన్ని. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "షెడ్డులో కారు పెట్టుకుని రిక్షా ఏవిటి వదినగారూ, చూడ్డానికా అది?" అనేది. ఆవిడ మంచిదే. కానీ ఆ మాట రోజూ అనేది. రోజూ నాకు చురుక్కుమనేది.

లాల్ బహదూర్ శాస్త్రిగారి కథ మీరూ వినే ఉంటారు. ప్రధానమంత్రిగా ఉండి 12,000 రూపాయల ఫియట్ కొనడానికి చేతిలో డబ్బు చాలక బ్యాంకులో 5,000 అప్పు చేశారు. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన పోతే, ఆ మిగిలిన అప్పు ఆయన భార్య లలితగారు తనకొచ్చే పెన్షనులోంచి తీర్చారు. ఈ కథ చెప్పిన ప్రతివారూ శాస్త్రిగారి నిజాయితీని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం నెలనెలా ఆ వాయిదా కట్టిన ఆవిడే గుర్తొస్తుంది. ఇంట్లో ఒకరి నియమానికి మిగతావాళ్ళ దగ్గర వసూలయ్యే ఖరీదు ఎవరూ లెక్క రాయరు. ఈ ధోరణిలోనే, లోపల్లోపల ఉడుకుతూ నాలుగేళ్ళు గడిపాను.

అప్పుడు వచ్చింది ఆ రాత్రి. అత్తగారు పోయి ఏడాది దాటింది. మావారు రైల్లో విశాఖపట్నం క్యాంపు వెళ్ళారు. కారు షెడ్డులో ఉంది. తాళం గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. డ్రైవరు ఇల్లు వెనక వీధే. పన్నెండు దాటాక ఎదురింటావిడ తలుపు కొట్టింది. చంకలో అయిదేళ్ళ పిల్లాడు. ఒళ్ళు పేలిపోతోంది, కళ్ళు తేలేస్తున్నాడు. ఫిట్సు. "కారు పంపించండి వదినగారూ, కాకినాడ తీసుకుపోతాం" అంది.

"అది మాది కాదమ్మా, కంపెనీది. ఆయన కూడా ఊళ్ళో లేరు" అన్నాను.

అక్షరాలా నిజమే చెప్పాను. ఆవిడ ఇంకో మాట అనలేదు. భార్యాభర్తలిద్దరూ పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని రోడ్డుకి పరిగెత్తి, ఏదో లారీని ఆపి ఎక్కారట. పిల్లాడు దక్కాడు. వారం తరవాత ఆవిడ మళ్ళీ నాతో మామూలుగానే మాట్లాడింది. ఒక్కటే మారింది. అంతకుముందు వారానికోసారైనా తోడుకి కాస్త మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని వచ్చేది. తరవాత ఎప్పుడూ రాలేదు.

మావారు క్యాంపు నుంచి వచ్చాక ఇదంతా చెప్పాను. నిజం చెప్పొద్దూ, మెచ్చుకుంటారనే అనుకున్నాను. ఆయన చొక్కా విప్పుతున్నవారల్లా ఆగి, "తాళం ఇవ్వలేకపోయావా? సొంతమని రాసుకుని డబ్బు కట్టేవాళ్ళం కదా" అన్నారు.

నా నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. ఆ గడి అక్కడ ఉన్నదే అందుకని నాకు తెలుసు. అత్తగారి విషయంలో నా కళ్ళతో చూశాను. ఆ రాత్రి అది గుర్తు రాలేదా అంటే, వచ్చింది. అయినా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదు? రోజూ రిక్షా గురించి గుచ్చినావిడే తలుపు దగ్గర నిలబడి ఉంది గనక. "చూశావా, ఇది మాది కాదని ఇప్పుడు తెలిసిందా?" అని చెప్పే అవకాశం దొరికింది గనక. నియమం పెట్టుకున్న మనిషికి దాన్ని ఎక్కడ సడలించాలో తెలుసు. దాన్ని తిట్టుకుంటూ మోసిన నేనే దాని చాటున దాక్కున్నాను. తాళం లేదనో, కారు చెడిపోయిందనో అబద్ధం చెప్పి ఉంటే, పశ్చాత్తాపపడ్డానికి కనీసం ఒక అబద్ధమైనా ఉండేది. నిజం చెప్పి చేసిన తప్పుకి ఏ ప్రాయశ్చిత్తం చేసుకోవాలో పెద్దలెవరూ నాకు చెప్పలేదు.

అలాగని మావారిని ఊరికే వదల్లేదు లెండి. "ఊళ్ళోవాళ్ళకి డబ్బు కట్టి ఇవ్వొచ్చన్నప్పుడు, వానలో మీ పిల్లలకి ఎందుకు కట్టలేదు?" అని అడిగాను. "నువ్వెప్పుడూ అడగలేదుగా" అన్నారు. అడగలేదు, నిజమే. ఆయన మొహం చూసి అడగబుద్ధి కాలేదు. అడక్కుండా తెలుసుకోవలసిన బాధ్యత ఆయనకి లేదా? ఉందనే నేనిప్పటికీ అంటాను. ఈ వయసులో కూడా ఈ తగవు మాకు తెగలేదు. మీ ఇళ్ళల్లో ఎలా తెగుతుందో మరి.

1992లో సొంతానికి మారుతి 800 కొనుక్కున్నాం. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీగారు మొదటి కారు తాళాలు అందించినప్పటి నుంచీ అందరి కళ్ళూ దానిమీదే. బుల్లి కారు. తొయ్యక్కర్లేదు, పొగ చిమ్మదు. నలుగురికి మించి పట్టరు. అద్దాలెత్తుకుని కూచుంటే వీధి మాటలు వినపడవు. అర్ధరాత్రి మా తలుపు కొట్టేవాళ్ళూ తగ్గారు, ఊరినిండా ఆటోలొచ్చాయి. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక ఆ అవసరమూ పోయింది. మంచిదే జరిగింది. డ్రైవరు నిద్ర లేవాలనీ, ఇంటివాళ్ళ మనసు బాగుండాలనీ ఏ రోగీ ఎదురు చూడక్కర్లేదు. అయినా అద్దం దించి ఎదురింటివైపు చూస్తే ఏదో వెలితిగా ఉండేది.

ఆ పిల్లాడిప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి తన కారులో వచ్చి, "పిన్నిగారూ, బాగున్నారా?" అని పలకరిస్తాడు. వాడికి ఏమీ తెలీదు. తెలిసినావిడ కాలం చేసి ఆరేళ్ళయింది. చెప్పేదేదో ఆవిడ ఉన్నప్పుడే చెప్పి ఉండవలసింది.

ఇంకొక్క సంగతి ఉంది. మావారు 1991లో ఆ ఉద్యోగం వదిలినప్పుడు కంపెనీ మనిషి కారు కోసం వచ్చాడు. సొట్టలన్నీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. వెనక సీటు కింద మా అమ్మాయి రబ్బరు బ్యాండు దొరికితే ఇచ్చాడు. ఎనిమిదేళ్ళు మాది కాదు మాది కాదని చెప్పుకున్న కారు మలుపు తిరుగుతుంటే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అంతకుముందు, పాత లాగ్‌బుక్కులన్నీ కట్టకట్టి బల్లమీద పెట్టినప్పుడు, నేను ఆ నెలది తీసి చూశాను. ఆ తేదీకి ఎదురుగా మావారి గుండ్రటి దస్తూరీలో ఉంది: "క్యాంపు. కారు వాడలేదు. 0 కి.మీ."