మాచిదేవుని రేవు – మన యింటి పొదుపు



ధర్మమును బోధించు ఈ పుటలలో సబ్బును గూర్చి, సోడాను గూర్చి, బట్టలుతుకుటను గూర్చి ప్రసంగించుట ఏమి యౌచిత్యమని కొందరు పెద్దలు తలపవచ్చును. ఇల్లు తుడుచుటయు బట్టలుతుకుటయు స్త్రీల పనియనియు, లేదా కూలివారి పనియనియు, శివభక్తికి దానితో సంబంధము లేదనియు మనలో అనేకుల మనస్సులలో నాటుకొనియున్నది. ఆ తలంపు శరణ ధర్మమునకు మిక్కిలి దూరము. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుల చుట్టును చేరిన శరణులను ఒకసారి స్మరింపుడు. మడివాలు మాచిదేవులు బట్టలుతికిన మహనీయులు. శరణి సత్యక్క ముంగిళ్లు ఊడ్చుటనే కాయకముగా గైకొన్న పుణ్యవతి. చాకిరేవునకును చీపురునకును శివపూజతో సమానమైన మన్నన నిచ్చిన సంఘమది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మాచయ్య కథను ద్విపదలలో రచించి తెలుగువారికి అందించెను. కావున ఇంటిని, బట్టను శుభ్రపరచుట మన ధర్మమునకు బయటి విషయము కాదు. దానికై మనము వెచ్చించు ధనమును బయటి విషయము కాదు.

ఈ మాట చెప్పుటకు నాకు అధికారము కలిగినది నా పాండిత్యము వలన కాదు, నేను చేసిన ఒక తప్పు వలన. దానిని దాచక మీ ముందుంచుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధి చివర బండిపై ఇస్త్రీ చేయు వృద్ధురాలొకతె మా యింటికి వచ్చి, "అయ్యవారూ, బొగ్గు ధర పెరిగింది. బట్టకు ఎనిమిది రూపాయలు చాలడం లేదు. పది ఇప్పించండి" అని యడిగినది. మా యింట నెలకు నలువది బట్టలు ఇస్త్రీకి పోవును. ఆమె యడిగినది నెలకు 80 రూపాయలు మాత్రమే. నేను బడి పంతులును గదా, పొదుపును గూర్చి ఆమెకు చిన్న ఉపన్యాసమిచ్చి, పాత ధరకే ఒప్పించి పంపితిని. ఇంటి సొమ్ము కాపాడితినని లోలోన సంతోషించితిని కూడ.

ఆ వారములోనే మా యూరి మఠమున మాచిదేవుల స్మరణ సభ జరిగినది. వక్తను నేనే. కాయకము యొక్క మహిమను గూర్చి గంటసేపు మాటలాడితిని. సభ ముగిసి ప్రసాదము పంచు వేళ ఆ వృద్ధురాలు నా చెంతకు వచ్చి చేతులు జోడించి, ఏ కోపమును లేని కంఠముతో, "చాలా బాగా చెప్పారయ్యవారూ. మాచయ్యగారికి బట్టకు ఎంతిచ్చేవారో?" అని యడిగినది. ఆమె నిజముగా తెలిసికొనగోరియే యడిగినది. నా నోట మాట రాలేదు. ప్రసాదము చేతిలోనే యుండిపోయినది.

ఆ రాత్రి ఇంటి జమాఖర్చుల పుస్తకము ముందుంచుకొని కూర్చుంటిని. నలుగురమున్న మా యింట నెలకు మూడు కిలోల సబ్బు పొడి ఖర్చగుచుండెను. కిలో 120 రూపాయల చొప్పున 360 రూపాయలు. నేలకు ఫినాయిలు, పాత్రలకొక ద్రవము, గాజు తలుపులకు మరొకటి, స్నానపు గదికి వేరొకటి. ప్రతి దానికొక సీసా, ప్రతి సీసాకొక ప్రకటన. సీసాలు అమ్మువానితో నేను ఏనాడును బేరమాడినవాడను కాను. బేరమంతయు బొగ్గుపెట్టె మోయు చేతితోనే. ఇదియా పొదుపు? అని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని.

ఇచట ఆయ్దక్కి లక్కమ్మ కథ స్మరణీయము. ఆమె భర్త మారయ్య కాయకము నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఒకనాడతడు నిత్యము కన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈనాటికి చాలినది ఉంచుకొని మిగిలినది వెనుకకు చేర్చి రమ్మని భర్తను పంపినది. చాలినంత మేలు, మించినది దోషమని ఆ తల్లి చూపిన త్రోవ. బియ్యమునకు చెల్లిన న్యాయమే సబ్బునకును చెల్లును.

మనము సబ్బును ఎందుకు ఎక్కువగా వాడుచున్నాము? నురుగును చూచి భ్రమపడుటచేత. నురుగు మురికిని తీయదు. సబ్బు అణువునకు ఒక కొన నూనెను పట్టును, మరియొక కొన నీటిని పట్టును. అది జిడ్డును బట్ట నుండి వదలించి నీటిలోనికి ఈడ్చుకొనిపోవును. ఆ పనికి కొంత సబ్బు చాలును. మిగిలినది బట్టలోనే నిలిచి దానిని బిరుసు చేయును, కొందరి చర్మమునకు దురద కలిగించును, జాడించుటకు మరి రెండు బకెట్ల నీరు కోరును. మా యింట గుప్పెడు పొడి వేయు అలవాటు మాని, బకెట్టునకు రెండు చెంచాలు కొలిచి వేయ నారంభించితిమి. మెడపట్టీలను, చేతిపట్టీలను మాత్రము ముందుగా బిళ్ల సబ్బుతో రుద్దుదుము. నానబెట్టుటకు అర గంట చాలును. రాత్రియంతయు నానవేసిన బట్టకు, విడిచిన మురికియే తిరిగి పట్టుటకు అవకాశము కలదు. యంత్రమున్న వారు దానిని నిండిన పిమ్మటనే తిప్పుట, పొడిని కొలతగిన్నెతోనే వేయుట లాభకరము.

రాయలసీమలోను, తెలంగాణలోను అనేక గ్రామములందు బోరు నీరు కఠిన జలము. అందలి సున్నపు లవణములును మెగ్నీషియము లవణములును సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా విరిగిపోవును. ఆ లవణములు తీరువరకు వేసిన సబ్బంతయు వ్యర్థము. దీనికి మన పెద్దలెరిగిన ఉపాయము బట్టల సోడా. ముందుగా బకెట్టు నీటిలో ఒక చెంచాడు సోడా కలిపి కొంతసేపు నిలిపి, తరువాత సబ్బు వేసినచో సబ్బు ఖర్చు తగ్గును. వాన నీరు దొరకు దినములలో అదియు అక్కరలేదు. అయితే పట్టుబట్టలకును ఉన్నికిని సోడా తగలరాదు. క్షారము ఆ పోగులను చెరచును. వానికి కుంకుడుకాయల రసమే ఉత్తమము. పట్టును నీడలోనే ఆరవేయవలెను.

మరకల విషయమున తొందరపాటు వలన బట్టలు చెడి, క్రొత్తవి కొనుట మరియొక ఖర్చు. విభూతి బట్టపై పడినచో తడపక ముందే దులుపవలెను. దీపపు నూనె ఒలికినచో ముగ్గుపిండిగాని శనగపిండిగాని చల్లి, నూనెను పీల్చిన తరువాత దులిపి ఉతుకవలెను. రక్తపు మరకకును పాల మరకకును చన్నీరే వాడవలెను, వేడినీరు మరకను గట్టిపరచును. పసుపు మరకకు సబ్బు తగులగానే ఎర్రబారును. దానిని చూచి భయపడనక్కరలేదు. బాగుగా జాడించి ఎండలో వేసినచో సూర్యుడే ఆ రంగును క్రమముగా హరించును. తెల్లబట్టలకును పడక దుప్పట్లకును ఎండను మించిన చాకలి లేడు. అది తెలుపునిచ్చును, క్రిములను చంపును, మనలను ఒక్క పైసా అడుగదు.

పూజా పాత్రలగు ఇత్తడి, రాగి సామగ్రికి చింతపండును ఉప్పును చాలును. ఆ పులుపు లోహముపై పట్టిన చిలుమును కరిగించును. అయితే ఈ పులుపునే నేలపై ప్రయోగింపరాదు. మన యిండ్లలో పరచిన తాండూరు, షాబాదు, కడప బండలు సున్నపురాయి జాతివి. నిమ్మరసమైనను, వెనిగరైనను, యాసిడైనను వాని నునుపును తినివేయును. వానికి నీరును, కొలది సబ్బును చాలును. తాగునీటి శుద్ధి యంత్రము విడిచిపెట్టు నీటిని పట్టి ఉంచినచో నేల తుడుచుటకు పనికివచ్చును. బట్టలు జాడించిన చివరి నీటిని పెరటి బండలకు వాడుకొనవచ్చును.

ఒక హెచ్చరిక. రెండు మందులు కలిపినచో రెట్టింపు శుద్ధి కలుగునని కొందరు బ్లీచింగు పొడిని, మరుగుదొడ్డి యాసిడును కలిపి వాడుచున్నారు. అది ప్రాణాంతకము. ఆ కలయిక నుండి వెలువడు క్లోరిను వాయువు ఊపిరితిత్తులను కాల్చును. మూసిన గదిలో ఆ పొగను పీల్చునది తరచుగా ఇంటి యజమాని కాదు, పనికి వచ్చిన పేదరాలు. ఈ సంగతి ఆమెకు చెప్పుట మన విధి. చేతి తొడుగులు కొనియిచ్చుటయు మన విధియే.

ఇట్లు ఒక మాసము గడచునప్పటికి మా యింట మూడు కిలోల పొడి ఒకటిన్నర కిలోకు దిగినది. 180 రూపాయలు మిగిలినవి. బట్టలు మునుపటి కన్న తెల్లగానే యున్నవి. ఆ సొమ్ము చేతబట్టుకొని నేను వీధి చివరి బండికడకు పోయి, బట్టకు పది రూపాయల చొప్పున ఇచ్చి, వెనుకటి నెల బాకీగా మరి 80 రూపాయలు ఆమె చేతిలో నుంచితిని. "ఇదేమిటి అయ్యవారూ?" అని యామె యడిగినది. "మాచయ్యగారి లెక్క అమ్మా" అంటిని. ఆమె నవ్వినది. ఆ నవ్వు నా ఉపన్యాసములన్నిటికంటె విలువైనదని నాకు తోచినది. తరువాతి నెల నుండి ఆమెకు పెంచిన 80 రూపాయలు పోగా, మిగులు సొమ్ములో 100 రూపాయలు దాసోహపు హుండీకి చేరుచున్నవి. ఇంటి ఖర్చు ఒక్క రూపాయియు పెరుగలేదు.

బంధువులారా! ఈ కథ సారమిది. వస్తువును పొదుపు చేయుట ధర్మము. శ్రమను కోసివేయుట పొదుపు కాదు, పరధన హరణము. సబ్బు పొడిని తగ్గించినచో ఎవరి ఆకలియు పెరుగదు, నీరు మిగులును, మురుగు తగ్గును. ఉతుకు చేతికి, ఊడ్చు చేతికి ఇచ్చు కూలిని తగ్గించినచో ఒక కుంపటి ఆరిపోవును. బయటకు రెండును జమాఖర్చుల పుస్తకమున ఒకే వరుసలో కనబడును. శివుని లెక్కలో అవి రెండు వేరు వేరు పుటలు.

మఠములకును ఈ మాట వర్తించును. దాసోహశాలలో ఘాటైన వాసనయే శుద్ధియని భావించి ఫినాయిలు కుమ్మరించుట కంటె, వెంటనే నీటితో కడిగి ఆరనిచ్చుట మేలు. సబ్బు, సోడా మొదలగునవి సంవత్సరమునకు సరిపడ ఒక్కసారి టోకున కొనినచో ఖర్చు తగ్గును. ఆ తగ్గిన సొమ్ముతో ఊడ్చువారికి, పాత్రలు తోమువారికి నెల జీతము తప్పక ఇచ్చుటయు, వారిని భక్తులతోపాటు అదే పంక్తిలో కూర్చుండబెట్టి ప్రసాదము వడ్డించుటయు జరిగిననాడు ఆ మఠము కల్యాణపు నీడలో నున్నట్లే. సత్యక్కను వేదికపై కీర్తించి, చీపురు పట్టిన తల్లిని వాకిట నిలువబెట్టుట ఏమి న్యాయము?

మన యిండ్లలో యువతీ యువకులకు మరియొక మాట. ఉతుకుట, ఊడ్చుట స్త్రీల పనియను మాటను శరణులు మన్నింపలేదు. మాచిదేవులు పురుషుడే గదా! వారమునకొక దినము కుమారుడు తన బట్టలు తానే ఉతికికొనినచో ఖర్చు తగ్గుట అటుండనిండు, ఒక చొక్కా వెనుక ఎంత నడుమునొప్పి యున్నదో అతనికి తెలియును. తెలిసినవాడు కూలి బేరమాడడు.

బసవేశ్వరులు లోపలి శుద్ధికిని వెలుపలి శుద్ధికిని భేదము చూపలేదు. నోట అసత్యము, చేత అపహరణము ఉన్నంతవరకు ఎన్ని మార్లు స్నానమాడినను మనిషి శుభ్రుడు కాడని వారి బోధ. వెలుపలి మురికికి సబ్బు కలదు, సోడా కలదు, ఎండ కలదు. పేదవాని కూలిలో రెండు రూపాయలు మిగుల్చుకొని సంతోషించు మనస్సు మురికికి అంగడిలో మందు లేదు. తప్పు నొప్పుకొనుట, బాకీ తీర్చుట, ఈ రెండే దానికి రేవు.

ఈ రాత్రి మీ యింటి లెక్కల పుస్తకము తెరువుడు. ఎచట మించినదో చూచి తగ్గింపుడు. ఎవరికి తగ్గినదో చూచి పెంచుడు. మాచిదేవుల స్మరణకు ఇంతకు మించిన పూజ లేదు.

శరణు శరణార్థులు.