నాన్న మంచివాడు కాకపోతే కూడా చూసుకోవాలా?

సింహాద్రి అప్పన్న కథ అనగానే మనకి ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. కన్నతండ్రే సముద్రంలో పడేయిస్తే స్వామి వచ్చి కాపాడాడని స్థలపురాణం. తండ్రి పోయాక ప్రహ్లాదుడు ఏం చేశాడన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు.

మా ఆఫీసులో గాజువాక కుర్రాడు ఒకడున్నాడు. "మా నాన్న జీతమంతా తాగేశాడు, ఫీజులు అమ్మే కట్టింది. ఇప్పుడు ముసలాడయ్యాడని నేను నెలనెలా డబ్బులివ్వాలా?" అన్నాడు. కోపంలో న్యాయం ఉంది. అందుకే చట్టం తీసి చదివాను.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, సొంత సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని తల్లిదండ్రులు పిల్లల్ని పోషణ ఖర్చు అడగొచ్చు. కొడుకునే కాదు, కూతుర్ని కూడా. మన దగ్గర ఆర్డీవో ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవాలి. మామూలుగా 90 రోజుల్లో తేల్చాలి, నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయలు. (వైజాగ్‌లో ఇద్దరికి అద్దె, మందులు కలిపితే అది ఏమూలకి?) నాకు ఆశ్చర్యం వేసిందేంటంటే, ఆ హక్కు ఇచ్చే సెక్షన్ బతకడానికి ఆధారం ఉందా లేదా అనే చూస్తుంది. మంచి తండ్రేనా అని అడగదు.

సింగపూర్ అలా కాదు. అక్కడి 1995 చట్టంలో, పిల్లల్ని వదిలేసిన, హింసించిన తండ్రి అర్జీని ట్రిబ్యునల్ కొట్టేయొచ్చు, మొత్తం తగ్గించొచ్చు. మావాడికి అదే నచ్చింది. మొదట నాకూ సబబే అనిపించింది.

కానీ భాగవతంలో ప్రహ్లాదుడు స్వామిని కోరింది తండ్రి పాపం పోవాలని. స్వామి చెప్పినట్టు అంత్యక్రియలూ చేశాడు. అలాగని బతికున్నప్పుడు తండ్రి మాట విన్నాడా? ఒక్కరోజూ వినలేదు. నాకు ఇక్కడే దారి కనబడింది. పోషించడం వేరు, లొంగిపోవడం వేరు. అన్నం, మందులు ఇస్తే ఆయన చేసినదంతా ఒప్పయిపోదు. ఆయనతో ఒకే ఇంట్లో ఉండాలనీ, పెళ్ళి ఆయన చెప్పినట్టే చేసుకోవాలనీ ఆ చట్టంలో లేదు. ప్రేమించమని ఏ ఆర్డీవో ఆర్డరు వేయలేరు.

చేతికిస్తే మళ్ళీ తాగేస్తాడనే భయం నిజమే. అలాంటప్పుడు మందుల షాపుకో, కిరాణా కొట్టుకో నేరుగా కట్టడం మేలు. ఇన్నాళ్ళూ ఇల్లు నెట్టుకొచ్చిన అమ్మని మాత్రం ఆయన లెక్కలో కలిపేయకండి. ఆవిడ హక్కు ఆవిడదే, అర్జీ కూడా విడిగా పెట్టుకోవచ్చు.